ఆపా ఓటు అడిగింది

"సాయిబుల ఓట్లు ఎన్ని?"

ఇరవై ఏళ్ళ నా అఖ్బార్ నౌకరీలో ఎన్నికలొచ్చిన ప్రతిసారీ విన్న మొదటి సవాల్ ఇదే. టీకొట్టు బల్ల మీద కాగితం పరుస్తారు. కులాల వారీగా అంకెలు వేసుకుంటూ వచ్చి చివర్లో మా దగ్గర ఆగుతారు. ఎవరో ఒక అంకె చెప్తారు. "వాళ్ళ పెద్దాయనతో మాట్లాడితే సరిపోద్ది" అని ఇంకెవరో అంటారు. కాగితం మడిచేస్తారు. ఆ అంకెలో మా అమ్మీ ఓటుంది, నా ఓటుంది, ఐదు పూటలా మస్జిద్‌లో కనిపించేవాడి ఓటుంది, ఈద్‌కి తప్ప కనిపించనివాడి ఓటూ ఉంది. మా ఓటు మా గుమ్మం దగ్గర ఎవరూ అడగరు. పెద్దాయన గుమ్మం దగ్గర అడుగుతారు.

2021 ఫిబ్రవరిలో మా ఖాలా కూతురు, మేమంతా ఆపా అని పిలిచే మనిషి, కంకిపాడు పంచాయతీలో వార్డు మెంబరుకి నిలబడింది. ఆ హాల్ రాయాలని చాలాసార్లు అనుకున్నాను. వార్డు మెంబరుది కూడా ఒక ఎన్నికేనా అని నవ్వేవాళ్ళుంటారు. నవ్వండి గానీ, పూర్తిగా చదివి నవ్వండి.

మా ఊరు తెలియనివాళ్ళకి రెండు మాటలు. విజయవాడ నుంచి బందరు పోయే హైవే మీద, గన్నవరం రోడ్డు కలిసేచోట ఉంటుంది కంకిపాడు. చుట్టూ వరి చేలు, కాలువలు, మధ్యలో మార్కెట్ యార్డు. 2009కి ముందు అసెంబ్లీ సీటు కూడా కంకిపాడు పేరు మీదే ఉండేది, తర్వాత అది పెనమలూరు అయింది. సీటు పోయింది గానీ సియాసత్ పోలేదు. మా దగ్గర బజ్జీలు వేసేవాడు కూడా పొయ్యి ముందు నిలబడి బూత్‌ల వారీగా హిసాబ్ చెప్తాడు. మేం ఇంట్లో మాట్లాడేది హైదరాబాద్ వాళ్ళు వింటే నవ్వే ఉర్దూ. గుమ్మం దాటితే పక్కా కృష్ణా జిల్లా తెలుగు. పక్కింటివాళ్ళు మా ఆడవాళ్ళని 'బూబమ్మగారూ' అని పిలుస్తారు, మా ఆడవాళ్ళు వాళ్ళని వదినా, పిన్నీ అని వరసపెట్టి పిలుస్తారు.

పంచాయతీ పాలకవర్గాల గడువు 2018 ఆగస్టుతోనే తీరిపోయింది. ఆ తర్వాత రెండున్నరేళ్ళు స్పెషలాఫీసర్లే. 2020 మార్చిలో లోకల్ ఎన్నికలు అనగానే కరోనా వచ్చి ఆగాయి. మళ్ళీ పెడదామంటే ప్రభుత్వానికీ, ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్‌కీ మధ్య కోర్టుల్లో కుస్తీ. 2021 జనవరి 25న సుప్రీంకోర్టు ఎన్నికలకు అడ్డం చెప్పనన్నాక నాలుగు విడతల షెడ్యూలు ఖాయమైంది. విజయవాడ డివిజన్ మొదటి విడతలో పడింది. జనవరి 29 నుంచి నామినేషన్లు, ఫిబ్రవరి 4 ఉపసంహరణ, 9న పోలింగ్. ఖబర్ ఖాయమైన రోజుకీ ఓటేసే రోజుకీ మధ్య రెండు వారాలు.

మా గల్లీకి ఆ రెండున్నరేళ్ళలో మిగిలింది ఒక మురుగు కాలువ. వానాకాలం అది పొంగి నాలుగిళ్ళ వంటగదుల్లోకి వచ్చేది. ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు. సచివాలయంలో అడిగితే ఇంజనీరింగ్ అసిస్టెంట్ వస్తాడనేవాళ్ళు, ఆయనొస్తే ఫండ్స్ లేవనేవాడు. ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఆడవాళ్ళు కూర్చుని మష్వరా చేశారు. వార్డు జనరల్ మహిళకి రిజర్వ్ అయిందని తెలిసింది కాబట్టి, మనలోనే ఒకరు నిలబడితే ఏం అని.

మొదట అనుకున్నది ఆపాని కాదు, మా భాబీని. డిగ్రీ చదివింది, ఆఫీసర్ ముందు నోరు పెగులుతుంది. కానీ భాబీకి ముగ్గురు పిల్లలు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇద్దరికి మించితే పోటీకి అనర్హత. తలుపులన్నీ తెరిచిపెట్టి 'రండి, సగం సీట్లు ఆడవాళ్ళవే' అని పిలుస్తారు, తీరా వెళ్తే గుమ్మంలో పిల్లల్ని లెక్కపెడతారు. ఎమ్మెల్యేకి ఆ లెక్క లేదు, ఎంపీకి లేదు. వార్డు మెంబరుకి ఉంది. ఇద్దరు పిల్లలతో ఆగిన మగవాడికీ ఆడదానికీ రూలు ఒకటేగానీ, మూడో కాన్పు వద్దనే ఇఖ్తియార్ ఇద్దరికీ ఒకటే ఉందా? భాబీ ఏమీ అనలేదు. చిన్నోణ్ణి చంకనెత్తుకుని, "మరి ఆపా ఉందిగా, ఇద్దరే" అంది.

ఆపా టైలరు. పదో తరగతి. ఇంటి వరండాలో మిషను, పక్కనే జాకెట్ల మూట. దుల్హాభాయ్ కూరగాయల మినీ లారీ నడుపుతాడు, తెల్లారకముందే యార్డుకి పోతాడు. ఆపా ముందు నవ్వింది, తర్వాత నమాజ్ చేసుకొస్తానని లోపలికెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక నన్నడిగిన మొదటి మాట, "ఖర్చా కిత్తా హోతా?"

నేను చెప్పాను. వార్డుకి డిపాజిట్ వెయ్యి రూపాయలు, బీసీలకి సగం. షేక్‌లం బీసీ-ఈ కిందకొస్తాం కాబట్టి 500 చాలు. (2007 చట్టంలో మా షేక్‌లున్నారు గానీ సయ్యద్‌లు, పఠాన్‌లు లేరు. అది వేరే దాస్తాన్, ఇంకోసారి.) ఖర్చు పరిమితి పదివేల జనాభా దాటిన ఊళ్ళో వార్డుకి 50 వేలు. అంత పెట్టక్కర్లేదు, పెట్టగలిగినా వద్దు. నామినేషన్‌కి అదే వార్డు నుంచి ఒక ప్రతిపాదకుడు, ఆస్తుల డిక్లరేషను, ఇంటిపన్ను బాకీ లేనట్టు రసీదు, కులం సర్టిఫికెట్. నేను మా డెస్క్‌లో చెప్పి సెలవు పెట్టాను. పోలింగయ్యేదాకా మా మండలం వార్తలు ఇంకొకరు చూస్తారని రాయించుకున్నాను. సగం సాయంత్రాలు ఆపా వరండాలో గడిపేవాడు ఆ ఊరి ఎన్నిక రాయకూడదు, రాస్తే అది ఖబర్ అవదు.

29 జుమా రోజు. నమాజయ్యాక ఆపా, దుల్హాభాయ్, భాబీ, నేనూ వెళ్ళి నామినేషన్ వేసి వచ్చాం. సాయంత్రానికే కథ మొదలైంది.

పంచాయతీ ఎన్నిక పార్టీల్లేని ఎన్నిక అంటారు. బ్యాలెట్ మీద పార్టీ గుర్తుండదు, అంతవరకు నిజం. సర్పంచ్ అభ్యర్థి వెనక ఒక పార్టీ, ఆయన కింద వార్డుకొకరు చొప్పున ఒక ప్యానెల్, ఎదురుగా ఇంకో పార్టీ, ఇంకో ప్యానెల్. మా వార్డుకి ఇద్దరూ ముందే ఖాయమై ఉన్నారు. మధ్యలో ఆపా ఎవరి ప్యానెల్‌లోనూ లేని మనిషి. మొదట అందరూ అడిగింది ఒకటే: "వెనక ఎవరున్నారు?" ఎవరూ లేరంటే నమ్మలేదు. అబద్ధం చెప్తున్నామని షక్ పడ్డారు.

రెండోరోజు రాత్రి మా పెద్దాయన వచ్చాడు. ఆయన పేరు రాయను. చెడ్డమనిషి కాదు. జనాజా లేస్తే ముందు భుజం పెట్టేది ఆయనే, పెళ్ళిళ్ళలో కట్నం బేరం తెగకపోతే కూర్చుని తెంపేదీ ఆయనే. మంచం మీద కూర్చుని, చాయ్ తాగి, నెమ్మదిగా మొదలెట్టాడు.

"ఓట్ మాంగ్‌తే ఫిర్‌నా ఔరతాఁ కా కామ్ హై క్యా, బేటీ?" ఓట్లడుక్కుంటూ తిరగడం ఆడవాళ్ళ పనేనా అని.

ఆపా మాట్లాడలేదు. ఆయన అసలు విషయానికి వచ్చాడు. వార్డు ఏకగ్రీవం చేసుకుంటే ఖబరస్తాన్‌కి ప్రహరీ కట్టిస్తామని పైవాళ్ళు మాటిచ్చారట. అప్పట్లో ఏకగ్రీవాల గాలి బాగా వీస్తోంది. పంచాయతీ మొత్తం ఏకగ్రీవమైతే జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా నజరానా అని ప్రభుత్వం పేపర్లకి ఫుల్‌పేజీ ఇష్తెహార్ ఇచ్చింది, దాని మీద కమిషన్‌కీ సర్కారుకీ ఇంకో గొడవ. మా ఊరు మొత్తం ఏకగ్రీవమయ్యే రకం కాదు. అయినా ఆ గాలిలో ప్రతి గల్లీలో ఒక చిన్న బేరం నడిచింది.

ఖబరస్తాన్ గోడ అంటే బయటివాళ్ళకి ఇటుకలు. మాకు అలా కాదు. మా ఖాలూ, అంటే ఆపా వాళ్ళ అబ్బా, అక్కడే ఉన్నాడు. గేదెలు పడి తొక్కుతాయి. వానకి మట్టి దిగిపోయిన ఖబర్ల మీద పిల్లలు క్రికెట్ ఆడతారు. షబే బరాత్‌కి వెళ్ళినప్పుడల్లా ఆపా రాళ్ళు తెచ్చి అబ్బా తల దగ్గర పేర్చి వస్తుంది. ఆ రాత్రి ఆమె ముందున్న బేరం అది. వార్డు మెంబరు పదవి ఒకవైపు, అబ్బా ఖబర్ చుట్టూ గోడ ఇంకోవైపు.

"గోడ ఎప్పుడు కడతారు చాచా?" అంది.

"ఎన్నికలవగానే."

"కాగితం రాసిస్తారా?"

ఆయన నవ్వాడు. ఇలాంటివి కాగితం మీద రాస్తారా బేటీ, జబాన్ ఉంది కదా అన్నాడు. జబాన్ ఆయనది. మాట ఇచ్చినవాడు ఆ గదిలో లేడు.

నాలుగో తారీకు మధ్యాహ్నం 3 గంటల దాకా ఉపసంహరణకి టైముంది. ఆ మూడు నాలుగు రోజులు మా ఇళ్ళల్లో అన్నం సరిగ్గా ఎవరూ తినలేదు. మా అమ్మీ కూడా వెనక్కి తీసుకోమంది. "పెద్దాయన మాట పడేస్తే రేపు మన ఇంట్లో జనాజా లేస్తే ఎవరొస్తారు" అంది. ఇది ఉత్త బెదిరింపు కాదు. చిన్న బిరాదరీలో బతికేవాళ్ళకి ఆ భయం ఎంతదో తెలుసు. దుల్హాభాయ్ మీద యార్డులో ఒకరిద్దరు నోరు చేసుకున్నారు. ఆయన ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, "నీ ఇష్టం" అని మాత్రమే అన్నాడు. ఆ 'నీ ఇష్టం'ని నేను చాలా ఇళ్ళల్లో విన్నాను, దాని అర్థం 'వద్దు' అని. దుల్హాభాయ్ మాత్రం నిజంగా ఆమె ఇష్టానికే వదిలేశాడు.

నాలుగో తారీకు ఆపా పొద్దున్నుంచీ మిషను మీదే కూర్చుంది. ఒక పెళ్ళివారి జాకెట్లు ఇచ్చేయాలి. మూడు దాటాక మిషను ఆపి, "ఇంక ఎవరూ ఏం చేయలేరు కదా?" అంది.

సాయంత్రం గుర్తులిచ్చారు. పేర్లు తెలుగు అక్షరక్రమంలో పెట్టి, ఆ వరుసలోనే గుర్తులు పంచుతారు. 'షేక్' అని ముందున్న పేరు ఎప్పుడూ వరుస చివరికే పోతుంది. స్కూల్లో హాజరు పిలిచినా అంతే, బ్యాలెట్ పేపర్ మీదా అంతే. మొదటావిడకి గౌను, రెండో ఆవిడకి గ్యాస్ పొయ్యి, ఆపాకి స్టూలు. భాబీ పగలబడి నవ్వింది. రోజంతా మిషను ముందు స్టూలు మీద కూర్చునే మనిషికి స్టూలే వచ్చింది. వార్డంతా ఒక్క పూటలో చెప్పేసుకుంది ఆ మాట. మేం పైసా ఖర్చు పెట్టకుండా అయిన ప్రచారం అదే.

పాంప్లెట్ నేను రాశాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత తెలుగులో డిగ్రీ. ఈ రెండు చదువులూ కలిసి నాకు ఉద్యోగంలో ఎంత అక్కరకొచ్చాయో తెలీదు గానీ ఆ వారం మాత్రం వచ్చాయి. తెలుగులో ఒకే పేజీ. మురుగు కాలువ, వీధి లైట్లు, కుళాయి టైము. అంతకుమించి వాదాలు వద్దంది ఆపా. ఉర్దూలో కూడా వేద్దామన్నాను ఉత్సాహంగా. వార్డులో ఉర్దూ చదివేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టి చూస్తే ఏడుగురు తేలారు. ఏడు కాగితాలు చేత్తో రాసిచ్చాను. అందులో ఒక నానీ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. తన పేరు తన లిపిలో రాసిన కాగితం ఏ ఎన్నికలోనూ రాలేదంది. (మరుసటేడు, 2022లో, ఉర్దూని రాష్ట్రానికి రెండో అధికార భాష చేశారు. అప్పుడు ఆ నానీ గుర్తొచ్చింది.)

పాంప్లెట్ మీద ఫొటో వేయాలా వద్దా అని ఒక రాత్రంతా బహస్. మిగతా ఇద్దరి కాగితాల మీద వాళ్ళ భర్తల ఫొటోలు పెద్దవి, వాళ్ళవి మూలన స్టాంపంత. మా వాళ్ళలో కొందరు అసలు ఫొటోనే వద్దన్నారు, పరాయి మగాళ్ళ చేతుల్లో నలుగుతుందని, ఇజ్జత్ అని. ఆపా విసుక్కుంది. "ఆధార్‌లో ఉంది, రేషన్ కార్డులో ఉంది, బ్యాంకోడి దగ్గరుంది. దీంట్లో ఉంటే ఏమైంది?" దుపట్టా తల మీదుగా కప్పుకున్న ఫొటో వేశాం. దుల్హాభాయ్ ఫొటో వేయలేదు. ఆయన రెండు రోజులు దాని మీద జోకులు భరించాడు.

ఓటర్ల జాబితా జిరాక్స్ తెచ్చి వరండాలో పరిచినప్పుడు నాకు అసలు పని అర్థమైంది. 640 పేర్లు. అది 2019 జాబితా. ఆ తర్వాత పద్దెనిమిది నిండిన పిల్లలెవరికీ ఓటు లేదు. రాష్ట్రం మొత్తం మీద అలాంటివాళ్ళు 3 లక్షల 60 వేలమంది అని హైకోర్టులో కేసు కూడా నడిచింది. మా గల్లీలో ఆపా కోసం ఎక్కువ తిరిగిన కుర్రాళ్ళలో నలుగురికి ఓటే లేదు. జాబితాలో మా పేర్లు చూస్తే నవ్వూ ఏడుపూ వస్తాయి. ఒకే బీబీ మూడు స్పెల్లింగుల్లో ఉంటుంది. 'ఖ' ఎక్కడా ఖ కాదు, 'జ' ఎక్కడా జ కాదు. ఇంకో వింత. ఎదుటి ప్యానెల్ మనిషి ఒకడు మా ఓట్ల లెక్క వేసి మస్తాన్‌రావుని కూడా సాయిబుల్లో కలిపేశాడు. మస్తాన్‌రావులు హిందువులు. డెల్టాలో దర్గాకి మొక్కుకుని పుట్టిన పిల్లలకి అలాంటి పేర్లు పెట్టుకుంటారు. ఊళ్ళో పుట్టి పెరిగినవాడికే ఆ తేడా తెలియకపోతే ఆ టీకొట్టు లెక్కలు ఎంత సచ్చీవో చూసుకోండి.

మా వాళ్ళ ఓట్లు దాదాపు 150. మిగతావి అందరివీ. నేను ఇళ్ళ నంబర్ల వారీగా గీతలు గీస్తుంటే ఆపా లోపలికెళ్ళి తన కొలతల పుస్తకం తెచ్చింది. లావుపాటి లాంగ్‌బుక్. పేరు, చేతి పొడవు, మెడ, నడుము, ఫలానా తేదీకి ఇవ్వాలి. పేరు పక్కన ఇంటి గుర్తు: 'కాలవ పక్క', 'పాలాయన కోడలు', 'మెడికల్ షాపు పిన్నిగారు'. వార్డులో సగానికి పైగా ఇళ్ళు ఆ పుస్తకంలో ఉన్నాయి. రెండు ప్యానెళ్ళ దగ్గరా కులాల లెక్కలున్నాయి. ఎవరింట్లో ఏ శుభకార్యం ఎప్పుడు, ఎవరి కోడలికి ఏడో నెల, ఎవరు మొన్న చెల్లి పెళ్ళికి అప్పు చేశారు అన్నది ఆ పుస్తకంలో ఉంది.

ఆ పుస్తకం పట్టుకునే తిరిగాం. ప్రచారానికి దొరికింది నిండా మూడు రోజులు. మైకు ఆటో పెట్టలేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య, వంటలు అయిపోయి మగవాళ్ళు ఇంట్లో లేని వేళ, ఆపా, భాబీ, ఇంకో ఇద్దరు వెళ్ళేవాళ్ళు. నేను గల్లీ చివర నిలబడేవాణ్ణి, నన్ను లోపలికి రావద్దన్నారు. మా ఇళ్ళల్లో ఉర్దూ, పక్కింట్లో తెలుగు. ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి దాటేలోపు భాష మారిపోయేది, అడిగేది మాత్రం మారేది కాదు. "వదినా, నేను నిలబడ్డా. స్టూలు. చూసుకో."

అన్ని గుమ్మాలూ మంచివని రాస్తే అబద్ధమవుతుంది. ఒకింట్లో ఒక పెద్దావిడ జాకెట్టు సంగతంతా మాట్లాడి, మంచినీళ్ళిచ్చి, "మావాళ్ళు చెప్పినట్టే వేస్తానమ్మా, ఏమనుకోకు" అంది. ఇంకోచోట వీధి అరుగు మీదున్న ఒకాయన, "ఇవ్వాళ వార్డు, రేపు ఊరు మీదే అంటారా" అన్నాడు నవ్వుతూ. ఆపాకి అర్థం కాలేదనుకున్నాడు. అర్థమైంది. ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. మరునాడు అదే అరుగు ముందునుంచే వెళ్ళింది, ఆయన భార్యని పేరుపెట్టి పిలిచి ఓటడిగింది.

ఎక్కువమంది అడిగిన ప్రశ్న వేరే. "వాలంటీర్ ఉన్నాడు, సచివాలయం ఉంది. మెంబరెందుకమ్మా?" యాభై ఇళ్ళకొక వాలంటీర్, ఒకటో తారీకు పొద్దున్నే పింఛను ఇంటికి తెచ్చేవాడు. నిజంగానే వార్డు మెంబరుకి జీతంలాంటిది లేదు, చెక్కు మీద సంతకం లేదు. దానికి ఆపా దగ్గర ఒకే జవాబు. "వాలంటీర్ని నువ్వు మార్చలేవు. నన్ను ఐదేళ్ళకి మార్చొచ్చు." నేను ఇన్నేళ్ళు రాసిన ఎడిట్ పేజీ వ్యాసాల్లో ఆ మాట అంత సాదాగా ఎప్పుడూ రాయలేకపోయాను.

డబ్బు గురించి కూడా చెప్పాలి. అప్పటికి చట్టం సవరించి, డబ్బూ మందూ పంచితే మూడేళ్ళ దాకా జైలు, గెలిచాక తేలినా పదవి పోతుందని పెట్టారు. ఎనిమిదో తారీకు రాత్రి మా వార్డులో ఏం జరిగిందో నేను కళ్ళారా చూడలేదు కాబట్టి రాయను. పొద్దున్న కొన్నిళ్ళ ఆడవాళ్ళు ఆపా కళ్ళలోకి చూడకుండా క్యూలో నిలబడ్డారు, అంతవరకు చూశాను. ఆపా ఖర్చు మొత్తం డిపాజిట్, పాంప్లెట్లు, జిరాక్సులు, చాయ్‌లు కలిపి 6,840 రూపాయలు. హిసాబ్ అదే లాంగ్‌బుక్ వెనక పేజీలో రాసుంది.

పోలింగు పొద్దున 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు, మాస్కులతో. ఈవీఎం నొక్కడానికి అలవాటుపడ్డ చేతులకి కాగితం బ్యాలెట్. ముందురోజు ఆడవాళ్ళని కూర్చోబెట్టి తెల్లకాగితం మీద గళ్ళు గీసి ఆపానే చూపించింది, ముద్ర గడిలోనే పడాలి, గీత మీద పడకూడదు, మడత ఇలా పెట్టాలి అని. కుట్టు నేర్పినట్టే నేర్పింది.

నాలుగింటికి కౌంటింగ్. పాతికేసి ఓట్లు కట్టలు కట్టి లెక్కపెడతారు. వార్డు లెక్క ముందు తేలుతుంది. పోలైనవి 548. మూడో ఆవిడకి 102, నోటాకి 4, చెల్లనివి 17. ఒక ప్యానెల్ ఆవిడకి 208. ఆపాకి 217.

తొమ్మిది ఓట్లు. వాళ్ళు మళ్ళీ లెక్కపెట్టమన్నారు, మళ్ళీ లెక్కపెట్టారు, తొమ్మిదే. ఆపా లోపల టేబుల్ పక్కన నిలబడి ఉంది, మొహంలో ఏమీ లేదు. దుల్హాభాయ్ బయట గోడకి చేరగిలబడి ఏడ్చేశాడు.

నేను ఆ రాత్రి అలవాటుకొద్దీ అంకెలు వేసుకుని చూశాను. మా వాళ్ళ 150లో పోలైనవి 130 అనుకుందాం. అన్నీ ఆపాకే పడ్డాయనుకుందాం. పడలేదని నాకు బాగా తెలుసు, పెద్దాయన ఇల్లు ఒక్కటే పదకొండు ఓట్లు. అయినా మిగతా 87 ఎక్కడివి? టీకొట్టు కాగితం మీద ఆ 87కి గడి లేదు.

ఆ రాత్రే ఇంకో ఎన్నికుంది. ఉపసర్పంచ్‌ని వార్డు మెంబర్లే చేతులెత్తి ఎన్నుకుంటారు. రెండు ప్యానెళ్ళకీ ఓటు అక్కరపడింది. అప్పటిదాకా 'వెనక ఎవరున్నారు' అని అడిగినవాళ్ళే గంటలో రెండుసార్లు మా దుల్హాభాయ్‌కి ఫోన్ చేశారు. ఆయన, "ఆమెతో మాట్లాడండి" అని ఫోన్ ఆపాకిచ్చాడు. అవతలివాళ్ళకి ఆడమనిషితో ఏం మాట్లాడాలో తెలియలేదు. రెండోవాళ్ళు మాత్రం మాట్లాడారు. ఆపా మురుగు కాలువ అడిగింది. మినిట్స్ పుస్తకంలో రాయించమంది. ఎత్తిన చెయ్యి ఎటువైపో ఆమె అందరి ముందే ఎత్తింది, నేను ఇక్కడ రాయక్కర్లేదు.

ఆ తర్వాతది అంత ఖుషీ కథ కాదు. పంచాయతీ ఖాతాలో పడ్డ ఆర్థిక సంఘం డబ్బు కరెంటు బకాయిల కింద సర్దేశారని ఆ ఏడాదే రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు. సర్పంచ్‌కే లేనిది వార్డు మెంబరుకి ఎక్కణ్ణుంచి వస్తుంది? మురుగు కాలువ సగం కట్టేసరికి ఏడాదిన్నర పట్టింది, మిగతా సగం ఇంకో రెండేళ్ళు. వీధి లైటు మాడిపోతే ఆపానే బల్బు కొనిచ్చిన రోజులున్నాయి. మీటింగుల్లో మొదట్లో ఆమెకి కుర్చీ చూపించి సంతకం పెట్టించుకునేవాళ్ళు. తీర్మానం చదవనిదే పెట్టనని కూర్చునేది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేది, మిగతావాళ్ళు గడియారం చూసుకునేవాళ్ళు.

ఖబరస్తాన్ గోడ రాలేదు. ఆపా మూడుసార్లు అర్జీ పెట్టింది. ఆమె వెనక్కి తీసుకుని ఉంటే ఈపాటికి గోడ ఉండేదని మా బిరాదరీలో కొందరు ఇప్పటికీ అంటారు. ఉండేదేమో. ఆ మాట విన్నప్పుడల్లా ఆపా ఖామోష్‌గా ఉండిపోతుంది. షబే బరాత్‌కి రాళ్ళు పేర్చడం మానలేదు. పెద్దాయన ఇప్పుడు మా ఇంట్లో చాయ్ తాగుతాడు, ఆ సంగతి ఎత్తడు. మా అమ్మీ భయపడినట్టు ఏం జరగలేదు. 2023లో మా మామూ పోయినప్పుడు జనాజాకి ముందు భుజం ఆయనదే.

2024 నవంబరులో అసెంబ్లీ ఆ ఇద్దరు పిల్లల నిబంధనని ఎత్తేసింది. జనాభా తగ్గిపోతోందని కారణం చెప్పారు. మా భాబీ ఆ వార్త నేను పంపకముందే చదివేసింది. 2026లో ఈ పాలకవర్గాలకి ఐదేళ్ళూ నిండుతాయి. వార్డు ఎవరికి రిజర్వ్ అవుతుందో, ఏమో. మొన్న ఆదివారం ఆపా వరండాలో కూర్చున్నప్పుడు భాబీ వచ్చి ఆ పాత ఓటర్ల జాబితా ఉందా అని అడిగింది. ఆపా మిషను ఆపకుండానే, "పాతది ఎందుకు, కొత్తది తెచ్చుకో. పుస్తకం కావాలంటే తీసుకెళ్ళు" అంది. ఎవరి కోసం, ఎవరి మీద అని ఇద్దరూ అనుకోలేదు. భాబీ లాంగ్‌బుక్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది, సాయంత్రానికల్లా తిరిగివ్వాలి, అందులో రెండు పెళ్ళిళ్ళ కొలతలున్నాయి.